కట్టలో సైకిలు

మా అన్న ఆ సైకిలు కొన్న రోజు నుంచి మా వదినకు సవతి వచ్చిందని ఇంట్లో అందరం ఆటపట్టించేవాళ్ళం. చింతామణిలో వాళ్ళ వరండాలో దానికి వేరే చోటు, వేరే తుడుపుగుడ్డ, వేరే నూనెసీసా. బ్యాంకులో కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది, సైకిలు తొక్కమని డాక్టరు చెబితే, ఈయన ఏకంగా దేశాలు తిరిగే సైకిలే కొన్నాడు. ముందు సంచులు, వెనక సంచులు, అన్నిటికీ జిప్పులు. దాని మీద చెయ్యి వేస్తే "చేతులు కడుక్కున్నావా పాపా?" అని అడిగే మనిషి. నాకు తలలో సగం జుట్టు తెల్లబడింది. ఆయనకు ఇప్పటికీ నేను పాపనే.

నా సైకిలు సంగతి వేరు. పక్కింటి అమ్మాయి హైస్కూలు చదివేటప్పుడు సర్కారు ఇచ్చిన లేడీస్ సైకిలు అది. ముందు బుట్ట, వెనక క్యారియరు, కొంచెం గట్టిగా తొక్కితే చైను ఊడడం దాని అలవాటు. నేను చిక్కబళ్ళాపురంలో టీచరుని, దసరా సెలవులిచ్చారు. పాతపాళ్యలో మా పిన్నమ్మను చూసి రావాలి. బస్సులో పోతే అయిపోయేదానికి, అన్న ఫోన్ చేసి "రాజకాలువ కట్ట మీద పోదాం, రాత్రికి బాగేపల్లి చేరతాం, పొద్దున పాతపాళ్య" అన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే సైకిలు మీద బడికి పోయినవాళ్ళం.

మా వైపు ఏడాది పొడుగునా పారే నదులు లేవు. ఉన్నవల్లా చెరువులు, ఒక చెరువు నిండితే మిగిలిన నీళ్ళను కింది చెరువుకు దింపే కాలువలు. మండికల్ దాటాక మొదలై సోమేనహళ్ళి వైపు పోయే ఈ కాలువ పాళెగాళ్ళ కాలంలో తవ్వించిందని చెబుతారు. అక్కడక్కడా పాత రాతి కట్టడం ఇంకా గట్టిగానే ఉంది. ఎన్నో ఏళ్ళు ఎండిపోయి తుమ్మచెట్లు మొలిచిన ఆ కాలువకు ఈమధ్యే పూడిక తీశారు. తీసిన మట్టి అంతా రెండు పక్కలా కట్ట మీద పోశారు. ఆ కొత్త మట్టి ఇంకా కుదురుకోలేదన్న సంగతి మేము ఆలోచించలేదు.

ముందురోజు రాత్రంతా వాన కురిసింది. మండికల్‌లో టీ తాగుతుంటే అంగడాయన మా సైకిళ్ళను పైనుంచి కిందికి చూశాడు.

"పై చెరువు మరవ పోతాండాదప్పా. కాలువ నిండుకోని వస్తాండాది. కట్ట మీద యాడికి పోతారు? రోడ్డున పోండి."

"కట్ట చూడ్డానికే కదన్నా వచ్చింది," అన్నాడు మా అన్న, పెళ్ళికొడుకులా హెల్మెట్ సర్దుకుంటూ. చెరువు నిండి మిగులునీరు పొర్లితే మరవ పోయిందంటారు మా ఊళ్ళలో. ఎన్నాళ్ళకో ఒకసారి కనిపించే సంబరం అది. ఆ మాట వినగానే నాకు కూడా ఉత్సాహం వచ్చింది.

కట్ట ఎక్కిన కాసేపటికే ఉత్సాహం అంతా చక్రాలకు చుట్టుకుంది. ఎర్రమన్ను, బంకమన్ను కలిసిన బురద. మడ్‌గార్డుకు, టైరుకు మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. కొంచెం దూరం పోవడం, దిగడం, పుల్లతో గీకడం, మళ్ళీ ఎక్కడం. చివరికి ఎక్కడం మానేసి తోసుకుంటూ నడిచాం. నా చెప్పులు బురదలోనే ఒకటి తర్వాత ఒకటి ఉండిపోతుంటే తీసి బుట్టలో వేసుకున్నాను. అన్న మాత్రం ప్రతి గీకుడికీ తన సైకిలుకు క్షమాపణ చెప్పుకుంటున్నట్టు తట్టి, సంచికి అంటిన మట్టిని గుడ్డతో తుడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"తుడిచింది చాలు గానీ కాలువ పక్క చూడు," అన్నాను.

నీళ్ళు ఎర్రగా, చప్పుడు లేకుండా పారుతున్నాయి. పొద్దున చూసినప్పుడు గట్టుకు బాగా కిందుగా ఉన్నవి, ఇప్పుడు అంచుకు జానెడు కింద దాకా వచ్చాయి. కొట్టుకొచ్చే కంపలు, ప్లాస్టిక్ కవర్లు మా కంటే వేగంగా పోతున్నాయి. వాన మళ్ళీ పట్టేట్టు ఉంది. వెనక్కి తిరుగుదామా అని ఇద్దరికీ నోటిదాకా వచ్చింది. వెనక్కి పోయినా అంతే బురద.

ఒక మలుపు దగ్గర కట్ట దిగి కిందుగా పోయే బండిదారి కనబడింది. గట్టినేల, గడ్డి పట్టి ఉంది. ఆ దారి కట్టకు ఆనుకునే ఉన్న ఒక రేకుల షెడ్డు పక్కనుంచి పోయి, కొంచెం ముందు మళ్ళీ కట్ట మీదికి ఎక్కుతోంది. బతికాం అనుకుని సైకిలు అటు తిప్పబోయి ఆగాను. దారికి అడ్డంగా ముల్లకంప వేసి ఉంది. షెడ్డు వాకిలికి పచ్చి వేపమండ కట్టి ఉంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అది పట్టుపురుగుల ఇల్లు. లోపల పురుగులు పండాయి. అంటే ఆకు తినడం మానేసి గూళ్ళు కట్టుకుంటున్నాయి. అల్లిన వెదురు తడకల మీద, చంద్రికలంటారు వాటిని, వాటి మీద పురుగులను ఏరి వదిలాక ఆ ఇంటివాళ్ళు గట్టిగా తుమ్మరు కూడా. పరాయి మనిషి గాలి తగలకూడదు, వాసన తగలకూడదు. మేం పుట్టింది అలాంటి ఇంట్లోనే. పురుగుల కాలంలో మా అమ్మ చుట్టాలను కూడా వీధిలోనే నిలబెట్టి నీళ్ళిచ్చి పంపేది. తలకు సబ్బు రుద్దుకుని వచ్చిందని ఒకసారి మా మేనత్తనే లోపలికి రానివ్వలేదు.

"కింద వద్దు పాపా. పురుగులు పండినట్టుండాయి. పైనే పోదాం," అన్నాడు అన్న.

"ఔన్నా," అన్నాను.

ఇంకెవరైనా అయితే ఆ కంప పక్కకు లాగి హాయిగా కింద దారిన పోయి ఉండేవాళ్ళు. మేము మర్యాద తెలిసినవాళ్ళం కదా, ఆ నానిన కట్ట మీదే పోయాం.

సరిగ్గా షెడ్డు ఎదురుగా వచ్చేసరికి కట్ట ఇంకా సన్నబడింది. అన్న సైకిలు వెనక చక్రం కాలువ వైపు జారింది. సంచుల బరువుతో సైకిలు మొత్తం ఒరిగి, సగం నీళ్ళలోకి దిగింది. అన్న హ్యాండిలు వదలడు. నేను నాది పడేసి పోయి ఆయన నడుము పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లాగాం. అది అడ్డదిడ్డంగా, పెడలు కట్టను కోసుకుంటూ, కట్ట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. బయటపడ్డాక అన్న సైకిలంతా తడిమి చూసుకుని, ఏమీ విరగలేదని నవ్వాడు. ఆయాసపడుతూ నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

నేను నా సైకిలు లేపుకుని ముందు నడిచాను. ఆయన గొలుసు సరిచేసుకుంటూ అక్కడే వెనకబడ్డాడు. కొంత దూరం పోయాక వెనక నుంచి చప్పుడు వినబడింది. పశువుల తొట్టిలోకి బిందె వంచినట్టు, సన్నగా. తిరిగి చూశాను. మేం సైకిలు ఈడ్చిన గాడిలోకి కాలువ నీళ్ళు దూరాయి. కట్టను దాటి అవతలి వాలు మీదుగా ఎర్రటి చార ఒకటి కిందికి దిగుతోంది. ఆ చార నేరుగా షెడ్డు వెనక గోడ వైపు పోతోంది.

"అన్నా! గండి!" అని అరిచాను. అది నా గొంతని నాకే తెలియలేదు.

నేను పరిగెత్తుకుని వెనక్కి వచ్చేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో మట్టి తోస్తున్నాడు. తోసిన మట్టి తోసినట్టే పోతోంది. నేనూ తోశాను. కొత్త మట్టి, లోపలి దాకా నాని ఉంది, చెయ్యి పెడితే చెయ్యి దిగిపోతుంది. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు పోతుంటే గాడి అంచులు ముద్దలు ముద్దలుగా విరిగి పడుతున్నాయి. చూస్తుండగానే జానెడు ఉన్నది మూరెడయింది. గట్టున ఒక్క రాయి లేదు.

షెడ్డు తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆమెకు, చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి, చేతిలో ఒక పండిన పురుగు అలాగే ఉంది. పైకి చూసింది. గోడ పక్కన చేరుతున్న నీళ్ళను చూసింది.

"ఎవురప్పా మీరు? ఏం చేస్తాండారు కట్ట మీద? అయ్యో, నా పురుగులు! చంద్రికల మీద ఏసి ఒగ పూటన్నా కాలేదు కదప్పా!"

"అమ్మా, మేం వచ్చి చంద్రికలు బయట పెడతాం, ఎత్తుకుందాం," అని నేను కిందికి దిగబోయాను.

"రావద్దు! లోపలికి రావద్దు!" ఆమె వాకిలికి అడ్డంగా నిలబడి చేతులు చాచింది. "ఇప్పుడు కదిలిస్తే రాలిపోతాయి. ఒగ్గటి గూడా గూడు కట్టదు. నా మొగుడు ఇంట్లో లేడు. కట్ట కట్టండి! కట్ట కట్టండప్పా ముందు!"

ఆమె చెప్పింది నిజం. కదిలించకూడదు, తడవకూడదు. తడిస్తే గూళ్ళు మరకలు పడి ఎవరూ కొనరు. ఆకు కోసి కోసి, నిద్రలు మాని, ఒక నెల చేసిన చాకిరీ ఆ గోడ వెనక ఉంది. మేము అడ్డుకోకపోతే కాసేపట్లో పోతుంది.

ఆమె పురుగును లోపల వదిలి వచ్చి, ఎరువుల ఖాళీ సంచులు కొన్ని, పార ఒకటి పైకి విసిరేసింది. తాను కింద గోడ పక్కన ఇంకో పారతో నీళ్ళు పక్కకు పోయేటట్టు కాలువ తీయడం మొదలుపెట్టింది. తీస్తూనే మమ్మల్ని తిడుతోంది. తెలుగులో అయిపోతే కన్నడలో, కన్నడలో అయిపోతే తెలుగులో. తిట్టనీ అనుకున్నాను. నేనైతే ఇంకా తిట్టేదాన్ని.

అన్న మట్టి ఎత్తాడు, నేను సంచి పట్టుకున్నాను. ఒక సంచి నింపి గండిలో వేశాం. నీళ్ళు దాన్ని దిండులా ఎత్తి వాలు మీదికి దొర్లించాయి. ఇంకొకటి వేశాం. అదీ పోయింది. పోతూ పోతూ అంచు కూడా విరుచుకుని పోయింది. సంచిని ఆపడానికి అవతల ఒక కర్ర కావాలి, ఒక గుంజ కావాలి, ఏదో ఒకటి అడ్డం కావాలి. ఉన్న తుమ్మచెట్లన్నీ పూడికతో పాటే పీకేశారు. అన్న చుట్టూ చూశాడు. నేనూ చూశాను. నా లేడీస్ సైకిలు దూరంగా కట్ట మీద పడి ఉంది. దాన్నే గండికి అడ్డం పెడదామని లేచి పరిగెత్తాను. బురదలో పరుగు ఏమిటి, కలలో పరిగెత్తినట్టే. రెండుసార్లు పడ్డాను.

దాన్ని లేపి వెనక్కి తిరిగేసరికి అన్న తన సైకిలు సంచులు విప్పి గట్టు మీద పడేశాడు. సైకిలును రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు. నడుము నొప్పి మనిషి. గండిలోకి నడుము దాకా దిగి, దాన్ని అడ్డంగా పెట్టి, హ్యాండిలును ఒక పక్క కట్టలోకి, వెనక చక్రాన్ని ఇంకో పక్క కట్టలోకి బలమంతా పెట్టి గుచ్చాడు. పైన నిలబడి కాలితో తొక్కాడు. ఎక్కడో ఏదో ఇనుప ముక్క విరిగిన చప్పుడు అయింది. ఆయన ఆగలేదు, ఇంకా తొక్కాడు.

"సంచి ఎయ్యి పాపా! చూస్తాండావేంది, ఎయ్యి!"

వేశాను. సంచి సైకిలుకు తగిలి ఆగింది. దాని మీద ఇంకొకటి. సందుల్లో ఏం కుక్కాలో తెలియక ఆయన జిప్పుల సంచులు కుక్కాను, అందులో బట్టలున్నాయో, ఆ తుడుపుగుడ్డ ఉందో చూడలేదు. వాన మొదలైంది. అన్న సైకిలుకు వీపు ఆనించి గండిలో నిలబడి ఉన్నాడు, నీళ్ళు ఆయన ఛాతీకి కొట్టుకుంటున్నాయి. కట్ట ఇంకా తెగితే ఆయన కూడా వాలు మీద దొర్లి ఆ గోడకే తగులుతాడు. బయటికి రా అన్నాను. రాలేదు. వస్తావా లేదా అని ఏడుస్తూ తిట్టాను. అప్పుడూ రాలేదు.

అప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అన్న హైస్కూల్లో ఉన్నాడు, నేను చిన్నదాన్ని. ఇలాగే చంద్రికలు నిండిన రోజు వాన పట్టి వెనక గోడ ఊరింది. అమ్మ, అన్న ఒక్కొక్క చంద్రికనే ఎత్తి పొడి మూలలకు మారుస్తూ సాయంత్రం దాకా తిరిగారు. మార్చిన చోటల్లా తడిసింది. పురుగులు టపటపా రాలాయి. మర్నాడు అమ్మ పొయ్యి వెలిగించలేదు. రాలిన పురుగులను చాటలోకి ఊడుస్తూ, ఒక్కొక్కదాన్ని వేలితో కదిపి చూసింది, బతికి ఉందేమోనని. ఆమె పక్కన అన్న కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత చనిపోయేదాకా ఆమె ఇంకెప్పుడూ పురుగులు పెట్టలేదు. ఆ రోజు గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. గండిలో ఆయన మొహం చూశాక ఆయన మరిచిపోలేదని అర్థమైంది.

చివరికి నీళ్ళు పారడం ఆగి, ఊరడం మాత్రమే మిగిలింది. ఆమె ఫోన్ చేసినట్టుంది, పక్క తోటల నుంచి మనుషులు పారలు, ఇసుక సంచులు తీసుకుని వచ్చారు. కట్టకు లోపలి వైపు ఇంకో వరస వేశారు, మన్ను వేసి తొక్కారు. ఒకాయన అన్నను చెయ్యి పట్టి పైకి లాగి, సైకిలు వైపు చూపించాడు.

"అది ఇప్పుడు తీసేది కాదప్పా. తీస్తే మళ్ళా తెగిపోతాది. ఎండాకాలం రాండి."

"ఉండనీప్పా," అన్నాడు అన్న. ఒక పక్క హ్యాండిలు, దాని మీద గంట మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ఆయన వాటి వైపు చూడను కూడా చూడలేదు.

కిందికి దిగాం. ముల్లకంప అవతలే నిలబడ్డాం. ఆమె గోడ వెనక నుంచి వచ్చింది, మోకాళ్ళ దాకా బురద. నీళ్ళు గోడ మొదలు దాకా వచ్చి, ఆమె తీసిన కాలువలోకి మళ్ళి పోయాయి. ఆమెకు ఇంకా కోపం తగ్గలేదు.

"ఇంత సక్కగా కింద దావ ఉండాది కదా. నానిపోయిన కట్ట మీద యెందుకు వచ్చినారప్పా?"

నేనే చెప్పాను. "వాకిలికి వేపమండ చూసినామమ్మా. పురుగులు పండినాయి, మన గాలి తగలకూడదని పైనే వచ్చినాం. మేమూ పురుగులు పెట్టినోళ్ళమే."

ఆమె కట్ట మీద బురదలో గుచ్చుకుని ఉన్న ఆ హ్యాండిలు వైపు కాసేపు చూసింది. తర్వాత వంగి, ముల్లకంపను తానే పక్కకు లాగింది.

"రాప్పా," అంది అన్నతో. "వచ్చి సూసుకో. మాయమ్మ కదా, నువ్వూ రామ్మా."

"వద్దమ్మా. తడిసినాం. లోపలికి రాకూడదు," అన్నాడు ఆయన.

"వాకిట్లోనించే సూడు."

అన్న గడప బయట నిలబడ్డాడు. చిన్నప్పుడు అమ్మ నేర్పినట్టు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఆయన బట్టల నుంచి కారిన నీళ్ళు గడప దాటి పోకుండా, ఒక పాదాన్ని దానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల చంద్రికలు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. పురుగులు తల ఇటూ అటూ తిప్పుతూ కట్టుకుంటున్నాయి. గూళ్ళు ఇంకా పలచగా, లోపలి పురుగు కనబడేంత పలచగా ఉన్నాయి. కింది వరస నుంచి పై వరస దాకా ఆయన ఒక్కొక్క చంద్రికనే చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె తొందరపెట్టలేదు.

తిరిగి నా వైపు వచ్చినప్పుడు ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంత బురదలో ఆ చారలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"ఒగ్గటి గూడా తడవలేదు పాపా," అన్నాడు. "అమ్మ సూసింటే బాగుండు."